నారాయణఖేడ్ గంజ్‌లో బోర్లేసిన పళ్ళెం

ఊరు వెళ్ళి వచ్చినవాళ్ళను మా వీధిలో మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. అక్కడ గుడి ఏముంది, తిండి ఎలా ఉంది అని. నారాయణఖేడ్ నుంచి వచ్చాక నన్నూ అడిగారు. గుడి చూశాను, తిండీ తిన్నాను. కానీ నేను వెళ్ళింది వాటి కోసం కాదు. ఒక ఆడపిల్ల తప్పు చేస్తుంటే కళ్ళారా చూసి పట్టుకోమని మా ఆఫీసు పంపితే వెళ్ళాను. ఆ పనికి నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, కూరగాయల సంచి ఇంటికి తెచ్చాక మళ్ళీ తూకం వేసుకునే రకం మనిషినని అందరికీ తెలుసు.

ఇమ్లీబన్ బస్టాండు, హైదరాబాదు

ఇది తొంభైల చివరి మాట. హైదరాబాదులో కూడా ఇంటర్నెట్ అనే మాట విన్నవాళ్ళు ఎక్కువ, చూసినవాళ్ళు తక్కువ. మా కంపెనీ నారాయణఖేడ్ మార్కెట్ ఆఫీసులో ఒక డబ్బా పెట్టింది. ఇటుకరాయి కంటే కాస్త పెద్దది, ముందు వరుసగా చిన్న దీపాలుంటాయి. దానికి సొంతంగా ఒక ఫోను తీగ ఉంది. రోజూ పొద్దున ఆ తీగ మీదుగా ఇంటర్నెట్‌లోకి వెళ్ళి, అక్కడివాళ్ళు పట్నం అనే హైదరాబాదులోనూ తాండూరులోనూ గుల్బర్గాలోనూ కందులు ఏ ధర పలుకుతున్నాయో తెస్తుంది. అక్కడి ఆపరేటరు ఆ ధరలను నల్లబల్ల మీద రాస్తుంది. రైతు వాటిని చూసుకుని బేరానికి దిగుతాడు.

ఆ డబ్బాను సరిచేయాలంటే అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాదులో కుర్చీలో కూర్చుని, అదే ఇంటర్నెట్ దారిన దాని లోపలికి వెళ్ళి ఏర్పాట్లు మార్చవచ్చు. నారాయణఖేడ్ డబ్బా పని మాత్రం మా మేనేజరు ఇంకొకరికి ఇవ్వకుండా తనే చూసుకునేవాడు. ఆయన ఫిర్యాదు ఏమిటంటే, తను ఎన్నిసార్లు మార్చినా మర్నాటికి పాత ఏర్పాట్లే వచ్చి కూర్చుంటున్నాయట. లోపలికి వెళ్ళే రహస్యపు మాట అక్కడెవరికో తెలిసిపోయిందని ఆయన నమ్మకం. గది తాళంచెవి ఆపరేటరు జరీనా దగ్గర తప్ప వేరెవరి దగ్గరా లేదు. "వెళ్ళి చూసి, రిపోర్టు రాసి తీసుకురా. అది చూపిస్తే మార్కెట్ కమిటీ వాళ్ళు ఆమెను తీసేస్తారు. మన మనిషిని పెడదాం," అన్నాడు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ముఖం కూడా తెలియని ఆ పిల్ల మీద బస్సెక్కేటప్పటికే కోపంగా ఉన్నాను.

పక్క సీట్లో నారాయణఖేడ్ అవతలి కంగ్టి వైపు ఆడమనిషి, పరుపుచుట్టతో సహా కూర్చుంది. చెరుకు కొట్టే పనికి కుటుంబమంతా వెళ్ళి, ఈమె ముందుగా తిరిగి వస్తోంది. ఎక్కడి దానివి, ఎవరింటికి పోతున్నావు, ఒక్కదానివే ఎందుకు పోతున్నావు అని వరసగా అడిగింది. అన్నిటికీ అబద్ధాలే చెప్పాను. సంగారెడ్డి దాటాక ఆమె మూట విప్పి జొన్నరొట్టె, ఎర్రకారం తీసి నా ఒళ్ళో పెట్టింది. బస్సుల్లో మత్తు కలిపి ఇచ్చి నగలు ఒలుచుకుపోయేవాళ్ళ కథలు మా ఏలూరులో చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. ఆకలి లేదన్నాను.

ఆమెకు అర్థమైపోయింది. కోపం తెచ్చుకోలేదు. నా ఒళ్ళోని రొట్టెనే తుంచి, కారం అద్దుకుని, నన్ను చూస్తూ నమిలి మింగింది.

"నీ కండ్ల ముంగటనే తిన్న. ఇగ తిను," అంది.

సిగ్గుపడి తిన్నాను. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే ఆమె బాగా నవ్వింది.

జోగిపేట

ఇక్కడ బస్సు ఆగితే టీ తాగడానికి దిగాను. టీ రెండు రూపాయలు, మిర్చి బజ్జీలు రూపాయికి రెండు. మా వైపు బజ్జీలో వాము పెడతారు, ఇక్కడ ఏమీ పెట్టరు, మిరపకాయ ఒట్టిగా నోట్లో పేలుతుంది. డబ్బాకు తగిలించే తీగ ఉన్న నల్ల సంచిని చంకలోంచి దించకుండా టీ తాగబోయి సగం చీర మీద పోసుకున్నాను. కడుక్కుందామని పక్కకు వెళితే చెప్పు తెగింది. కండక్టరు పిన్నీసు ఇచ్చి, పట్నంలో ఏ ఆఫీసు అని అడిగాడు. అతనికి కూడా అబద్ధమే చెప్పాను. కానీ గంజ్ దగ్గర దింపమని చెప్పక తప్పలేదు. ధాన్యం, పప్పులు అమ్మే మార్కెట్‌ను అక్కడ గంజ్ అంటారు.

నారాయణఖేడ్

నన్ను చూడగానే ఊరు మాట్లాడటం మానేసింది. ఉత్తినే అనడం లేదు. రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణాల వరస వెంట నేను నడుస్తుంటే, ఎదురుగా నవ్వుతున్నవాళ్ళు నోళ్ళు మూశారు. ఒకాయన బస్తాల మీద గోనెపట్టా కప్పాడు. ఇంకొకాయన షట్టరు సగం దించాడు. నల్ల సంచి, కళ్ళజోడు, ఒంటరిగా వచ్చిన ఆడమనిషి. అమ్మకం పన్ను వాళ్ళనుకున్నారని తర్వాత తెలిసింది. నేను వాళ్ళను అనుమానించడానికి వస్తే వాళ్ళు నన్ను అనుమానించారు.

లాడ్జి యజమాని ఒంటరి ఆడవాళ్ళకు గది ఇవ్వనన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. అతని తప్పు కూడా లేదేమో, కానీ నాకు ఒళ్ళు మండింది.

"గా డబ్బా పని మీద వచ్చినవ్ గద? జరీనా ఇంటికి పో. గంజ్ ఎనుకనే," అన్నాడు.

నేను వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలుసని నిలదీశాను. పట్నం నుంచి గంజ్ దగ్గర దిగే ఆడమనిషికి ఇంకేం పని ఉంటుంది, కండక్టరు చెప్పిండు అన్నాడు. చివరికి, ఎవరిని పట్టుకోవడానికి వచ్చానో ఆమె ఇంట్లోనే పడుకోవలసి వచ్చింది.

జరీనా ఇల్లు

జరీనాకు పాతికేళ్ళు కూడా ఉండవు. పదో తరగతి చదివి, మార్కెట్ ఆఫీసు ఉద్యోగం చూసుకుంది. తండ్రి మహబూబ్ మియా గంజ్‌లో కాంటా తూచే మనిషి. కాంటా అంటే గంజ్‌లో పెద్ద త్రాసు. ఆయనకు మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు సగం రోజే పని చేస్తున్నాడు. ఇల్లు గడుస్తున్నది కూతురి జీతంతోనే. జరీనా తండ్రిని అబ్బా అంటుంది, ఇంట్లో వాళ్ళలో వాళ్ళు ఉర్దూ మాట్లాడుకుంటున్నారు, నా వైపు తిరిగేసరికి తెలుగు. నాకు తెలియని భాషలో నా గురించే అనుకుంటున్నారని నాకు ఒకటే గుంజాటన.

రాత్రి వంట జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే మా గోంగూరే. మా ఇంట్లో అయితే నూనెలో ముంచి పచ్చడి చేస్తాం. ఇక్కడ పప్పులో కలిపి పలచగా వండారు, చాలా బాగుంది. ఇంకో రొట్టె వేయమని అడగడానికి మొహమాటపడ్డాను. అడగకుండానే జరీనా వేసింది.

వేస్తూ అంది, "నన్ను తీసెయ్యనీకె వచ్చినవా?"

మా వైపు ఇలాంటిది అడగాలంటే ముందు వాతావరణం గురించి మాట్లాడి, కాఫీ ఇచ్చి, ఏమండీ అంటూ మొదలుపెడతారు. ఇక్కడ అలాంటివి లేవు. డబ్బా చూడటానికి వచ్చానని నసిగాను. ఆమె నా నల్ల సంచి వైపు, నేను ఆమె మొలలోని తాళంచెవి వైపు చూసుకుంటూ భోజనం ముగించాం. సంచి తలకింద పెట్టుకుని పడుకున్నాను.

గంజ్

పొద్దున ఏడింటికే బండ్లు వచ్చాయి. బోర్డు మీద జరీనా పట్నం ధర, తాండూరు ధర పెద్ద అక్షరాలతో రాసింది. చదువురాని రైతు పక్కవాణ్ణి అడిగి చెప్పించుకున్నాడు. తర్వాత బేరాలు మొదలయ్యాయి. కొనేవాడు, అడ్తిదారు తువ్వాల కింద చేతులు పెట్టుకుని వేళ్ళు నొక్కుకుంటారు. పైకి మాట ఉండదు. ఏ వేలికి ఎంత లెక్కో వాళ్ళకే తెలుసు. ఆ తువ్వాల వైపే చూస్తూ రైతు బోర్డు పక్కన నిలబడతాడు. ధర ముందే తెలుసు కనుక, తక్కువ చెబితే బస్తా మూతి మళ్ళీ కట్టేస్తాడు. బోర్డు లేని రోజుల్లో తువ్వాల ఎంత చెబితే అంతే.

మహబూబ్ మియా తూకం వేస్తుంటే చూశాను. ఒక రైతు బస్తాలు అయిపోయి, ఇంకో రైతు బస్తాలు వచ్చే లోపల, నీళ్ళు తాగడానికి పక్కకు వెళ్ళేటప్పుడు కూడా ఆయన కాంటా పళ్ళేన్ని గొలుసు నుంచి విప్పి నేల మీద బోర్లేసి వెళుతున్నాడు. మళ్ళీ వచ్చి తిప్పి తగిలిస్తున్నాడు. మోకాళ్ళ నొప్పితో అంత వంగడం ఎందుకని అడిగాను.

"ఎదురుంగ మనిషి లేకుంటే కాంటా ఆడొద్దు బిడ్డ. ఆడినదంటే, ఎవడో చెయ్యి పెట్టినట్టే," అన్నాడు.

పాత ఆచారం అనుకుని వదిలేశాను.

డబ్బా గది

నా ఎత్తు ఇది. మేనేజరు మధ్యాహ్నం అన్నం వేళకు హైదరాబాదు నుంచి డబ్బాలోకి వచ్చి ఏర్పాట్లు మారుస్తాడు. అప్పుడు గది ఖాళీగా ఉంటుంది. నేను బస్టాండుకు పోతున్నానని చెప్పి, వెనక కిటికీ పక్కన గోనెసంచుల చాటున నిలబడతాను. ఆమె వచ్చి ఏం చేస్తుందో కళ్ళారా చూస్తాను. ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి ఆయనకు చెప్పాను. పప్పు దుమ్ముకు తుమ్ము ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని కాచుకున్నాను.

జరీనా గుమ్మంలో కూర్చుని అన్నం తింటోంది. గదిలో కంప్యూటరు ఆపేసి ఉంది. ఉన్నట్టుండి డబ్బా దీపాలు టకటకా మెరవడం మొదలైంది. హైదరాబాదు లోపలికి వచ్చింది. ఆమె తల తిప్పి చూసింది. ఎంగిలి చేయి పక్కకు పెట్టి లేచి వచ్చి, ఎడమచేత్తో ప్లగ్గు పీకేసింది. దీపాలన్నీ ఆరిపోయాయి. కాసేపాగి మళ్ళీ పెట్టి, వెళ్ళి అన్నం తినసాగింది.

దొరికావు అనుకున్నాను. సంచుల మధ్య నుంచి బయటపడి, దుమ్ము కొట్టుకున్న ముఖంతోనే అడిగాను. ఆమె ఏమాత్రం బెదరలేదు.

"అవును, నేనే తీసిన. ఎప్పుడైన నేనే తీస్త. నేను కూసోలే, నువ్వు కూసోలే, గది ఉట్టిగున్నది. మరి ఎవరు ఆడిపిస్తుండ్రు దాన్ని?"

"హైదరాబాదు నుంచి మా మేనేజరు."

"నాకు చెప్పిండా? ఫోను జేసిండా? మా అబ్బా పడుచుగున్నప్పుడు, నమాజుకు పోయి వచ్చేటాలకు ఎవడో కాంటల చెయ్యి పెట్టిండంట. రైతుకు తూకం తక్కువొచ్చింది. గంజంత మా అబ్బానే దొంగ అన్నది. అప్పటికెళ్ళి ఎదురుంగ ఎవ్వరు లేంది పళ్ళెం సీదా ఉండదు. గీ డబ్బా బోర్లెయ్యొస్తలేదు. అందుకే ప్లగ్గు తీస్తున్న."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. రహస్యపు మాట ఎవరికీ తెలియలేదు. ఎవరూ దేన్నీ మార్చలేదు. మార్పు చేశాక ఒక రోజు నడిపి చూసి, బాగుంటేనే శాశ్వతంగా భద్రపరచడం మా ఆఫీసు పద్ధతి. అంతవరకూ అది డబ్బా జ్ఞాపకంలో ఊరికే ఉంటుంది, కరెంటు పోతే పోతుంది. ఈమె ప్లగ్గు తీసినప్పుడల్లా డబ్బా కొత్త ఏర్పాట్లు మరిచిపోయి పాతవాటికి వస్తోంది. అంతే సంగతి.

నవ్వు వచ్చింది. ఆమెకు అది కూడా వివరించాను. ఆమె నవ్వలేదు.

"సరే. మరి గంత పరేషానై ఆయన మార్చేది ఏంది?" అంది.

తెలియదు నాకు. మేనేజరు ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మళ్ళీ ఫోను చేసి, కరెంటు పోయింది, ఇంకొకసారి మార్చండి అన్నాను. ఈసారి తీగ తగిలించి తెర ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆయన అక్కడ కొడుతున్న మార్పులు ఇక్కడ పడుతున్నాయి. చాలావరకు మామూలువే. ఒకటి మాత్రం కాదు. పొద్దున ఏడింటికి డబ్బా ఇంటర్నెట్‌లోకి వెళ్ళే వేళను పదకొండుకు జరిపాడు.

జరీనా నన్ను వివరం అడగలేదు. పదకొండుకు గంజ్‌లో బేరాలు అయిపోతాయి, బస్తాలు లారీలెక్కుతాయి. ఆ తర్వాత ధర వస్తే, ఎవరు చూడటానికి?

ఎస్టీడీ బూత్

జరీనా కూడా వచ్చి పక్కన నిలబడింది. వేళ ఎందుకు జరిపారని అడిగితే మేనేజరు ఏమీ దాచలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. పట్నంలో పప్పుమిల్లు పార్టీ ఒకరున్నారట, కంపెనీకి కావలసినవాళ్ళట. పొద్దున్నే రేటు బోర్డు మీద పడితే వాళ్ళకు కొనడం కష్టంగా ఉందట. "డబ్బా పని చేస్తూనే ఉంటుందిగా, ధర రాకుండా పోదుగా. నీకెందుకివన్నీ? ప్లగ్గు పీకిందని రాసి తీసుకురా," అన్నాడు.

ఫోను పెట్టేశాను. ఇంటి దగ్గర కూరగాయలవాడి తూకం మీద కన్నేసి ఉంచేదాన్ని, ఆఫీసులో రోజూ ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కసారైనా అనుమానించలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నన్ను తీసేస్తడా?" అని అడిగింది జరీనా. ఆమె గొంతులో బెరుకు నేను విన్నది అదొక్కసారే.

బోరంచ

మర్నాడు బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. ఇంత దూరం వచ్చి దగ్గర్లోని బోరంచ నల్లపోచమ్మ గుడి చూడకుండా పోతే బాగుండదని మహబూబ్ మియా బలవంతపెట్టాడు. ఆటోవాడు ఎక్కువ అడుగుతున్నాడని అతనితో దెబ్బలాడాను. దిగాక చూస్తే అందరి దగ్గరా అంతే తీసుకున్నాడు. గుడి ముందు పొయ్యిలు పెట్టి వండుకుంటున్నారు, కోళ్ళ అరుపులు, పసుపు వాసన. మా వైపు మొక్కు తీర్చుకుని ప్రసాదం పట్టుకుని వచ్చేస్తాం, ఇక్కడ కుటుంబమంతా అక్కడే తిని, కాసేపు పడుకుని మరీ కదులుతారు. ఎవరో నాకూ ఒక ఆకు వేశారు. తిన్నాను, ఈసారి ఎవరూ ముందు తిని చూపించనక్కర్లేకపోయింది.

తింటున్నంతసేపూ ఒక్కటే ఆలోచన. ఆ పదకొండును ఏడు చేసి నేను భద్రపరచవచ్చు. రహస్యపు మాట కూడా మార్చవచ్చు. కానీ మేనేజరు అడిగితే అది నేను చెప్పి తీరాలి. ఆయన మళ్ళీ కుర్చీలోంచే లోపలికి వస్తాడు. అంత దూరపు చేతిని ఆపగలిగింది ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది, జరీనా ఎడమచేయి.

తిరిగి వచ్చి, వేళను ఏడుకు మార్చి భద్రపరిచాను. తాళంచెవి అడగలేదు. "ఎవరైనా సరే, ముందు ఫోను చేసి, నువ్వు ఎదురుగా కూర్చున్నాకే లోపలికి రావాలి. చెప్పకుండా వస్తే ప్లగ్గు తీసెయ్," అన్నాను.

"నువ్వు చెప్పకున్న తీస్త," అంది జరీనా.

మళ్ళీ కుర్చీలో

రిపోర్టులో ఉన్నదే రాశాను. ఆపరేటరు ప్లగ్గు తీసింది నిజమే, ఎందుకు తీసిందో, లోపల ఏ మార్పు కనిపించిందో అదీ రాశాను. రాసి, మార్కెట్ కమిటీకి కూడా ఒకటి పంపాను. జరీనాను ఎవరూ తీయలేదు. నన్ను మాత్రం చాలాకాలం ఆ పనుల జోలికి రానివ్వకుండా, పాత తీగలు చుట్టే గదిలో కూర్చోబెట్టారు. కొంతకాలానికి మేనేజరు ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. నారాయణఖేడ్ డబ్బా నా చేతికి వచ్చింది.

ఒకరోజు పట్నంలో మా ఫోను నంబరు, డబ్బా ఇంటర్నెట్‌లోకి వెళ్ళడానికి రోజూ కలిపే నంబరు, మారింది. డబ్బాలో కొత్త నంబరు వేయకపోతే మర్నాడు ధరలు రావు. గంజ్ ఆఫీసుకు ఫోను చేస్తే ఎంతసేపటికీ ఎంగేజి. అన్నం వేళ దాటిపోతోంది. మంచి పనేగా, చేసేది నేనేగా అనుకుని లోపలికి వెళ్ళాను. సగం కొట్టానో లేదో, తెర ఆగిపోయింది. దారి తెగింది.

కోపం వచ్చింది, నిజం చెప్పాలి. ఆమె ఉద్యోగం నిలవాలని తీగల గదిలో అన్ని నెలలు కూర్చున్న మనిషిని. కాసేపటికి లైను దొరికింది.

"జరీనా, లోపలికి వచ్చింది నేనే," అన్నాను.

"నువ్వని నాకెట్ల తెల్వాలె అక్కా? దీపాలల్ల నీ మొఖం కనవడ్తదా?" అంది. కుర్చీ జరిగిన చప్పుడు, ప్లగ్గు పెట్టిన చప్పుడు వినిపించాయి. "ఇప్పుడు ఎదురుంగ కూసున్న. ఇగ రా."